పాతబస్తీ ప్రేమికుడికి సన్మానపత్రం

రచయిత గారికి,

మలక్‌పేట దాటాక ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఆగే స్టేషను మాది. ఆ పేరుతోనే ఉన్న దబీర్‌పురాలో కాపురముంటున్న మేమందరం కూడబలుక్కుని మీకు ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఈ సన్మానపత్రం సమర్పించుకుంటున్నాం. మమ్మల్ని మీరు ప్రేమించినంతగా ఎవరూ ప్రేమించలేదు. ఓట్లకు వచ్చేవాళ్లు ఐదేళ్లకోసారి ప్రేమిస్తారు. మీరు రంజాన్‌కు ఒకసారి, మొహర్రంకు ఒకసారి, ఏటా క్రమం తప్పకుండా, ఆదివారం అనుబంధంలో రంగుల బొమ్మలతో సహా ప్రేమిస్తారు.

దూరదేశాలను ప్రేమించడం కోసం పెద్ద పెద్ద రచయితలు ఓడలెక్కారు, ఎడారులు దాటారు, వీసా కోసం బారులు తీరారు. మీకు ఆ శ్రమ లేదు. మూసీ మీద ఒక్క వంతెన దాటితే చాలు, మీకు దూరదేశం వచ్చేస్తుంది. చాదర్‌ఘాట్‌కు అటు పక్క మీరు మామూలు తెలుగు రచయిత. ఇటు పక్క సాక్షాత్తు ఇబ్న్ బతూతా. ఇంత తక్కువ ఆటో ఖర్చుతో ఇంత దూరం వెళ్లినవారు సాహిత్యంలో మరొకరు లేరని మా కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మీ అమెరికా యాత్రాకథనం కూడా మేం చదివాం. డాలస్‌లో ఇంటి అద్దె ఎంత, పాలడబ్బా ఎంత, టోల్ రోడ్డెక్కితే బిల్లు ఇంటికెలా వస్తుంది, బడి బస్సు ఆగితే వెనకున్న కార్లన్నీ ఎందుకు ఆగాలి, చెత్త ఏ రోజు బయటపెట్టాలి, ఒక్కటీ వదలకుండా రాశారు. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని కొత్తవాడు అక్కడ దిగితే బతికేస్తాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ అంకెలన్నీ పక్కన పెట్టి ‘ఇక్కడ కాలం ఆగిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా ఇంటి అద్దె, నల్లా వచ్చే వేళ, చెత్తబండి రాని వారం మీ కలానికి అంటలేదు. డాలస్‌కు లెక్కలు, దబీర్‌పురాకు ప్రేమ. పంపకంలో పెద్ద వాటా మాకే దక్కిందని పొంగిపోయాం.

మా దర్వాజా విషయంలో మీ ఔదార్యం మరీ గొప్పది. ఒకప్పుడు ఈ నగరం చుట్టూ ప్రహరీ ఉండేది, దానికి 13 దర్వాజాలు. ఇప్పుడు మిగిలినవి రెండే, పురానాపూల్ దగ్గరిదీ మాదీ. ఆ గోడ మొదలుపెట్టింది మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్. పూర్తిచేయించింది ఆయన్ని 1724లో యుద్ధంలో ఓడించిన మొదటి నిజాం. అంటే 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమై కుతుబ్‌షాహీల పని అయిపోయిన చాలా ఏళ్లకు లేచిన గోడ అది. మీరు మాత్రం రాసిన ప్రతిసారీ ‘నాలుగు వందల ఏళ్ల కుతుబ్‌షాహీ ద్వారం’ అని, పైసా తీసుకోకుండా మాకు నూరేళ్లకు పైగా వయసు పోశారు. మిగతా గోడ ఏమైందన్నది కూడా మీరు చెప్పిన తీరు ఎంతో సున్నితం. 1908 వరద కొంత, తర్వాత రోడ్ల వెడల్పు కొంత మింగేశాయని రాస్తే పాఠకుడి మనసు చివుక్కుమంటుంది. మీరు ‘కాలగర్భంలో కలిసిపోయింది’ అన్నారు. కాలానికైతే టెండరు పిలవనక్కర్లేదు, కాంట్రాక్టరు పేరు అడగనక్కర్లేదు.

పురానాపూల్ అనగానే మీ మరో వ్యాసం గుర్తొచ్చింది. యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కోసం పోటెత్తిన మూసీలోకి గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణానికి భయపడి ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన కట్టించాడని రాశారు. వంతెన పూర్తయింది 1578లో. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. ఆ లెక్కన గుర్రం దూకేనాటికి ఆయనకు మహా అయితే పన్నెండేళ్లు. మా గల్లీలో ఏడో తరగతి పిల్లలు ఆ వ్యాసం చదివి కొత్త ఉత్సాహం పొందారు, వాళ్ల అమ్మానాన్నలు మీ పేరు రోజూ తలుచుకుంటున్నారు. భాగమతి అనే మనిషి అసలుందా అని హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు సందేహించారు గానీ, మీరు ఆ సందేహాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఇద్దరు ప్రేమించుకుంటుంటే మధ్యలో చరిత్రకారుడు దూరడం మర్యాద కాదు.

ఇక మొహర్రం. పదో రోజున మా బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం బయలుదేరుతుంది. షేక్ ఫైజ్ కమాన్, ఎతెబార్ చౌక్, అలీజా కోట్ల, చార్మినార్, గుల్జార్ హౌజ్, మీర్ ఆలం మండీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. బీబీ ఫాతిమాకు ఆఖరి స్నానం చేయించిన చెక్కపలకలోని ముక్క ఆ ఆలంలో ఉందని నమ్మకం. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో అది గోల్కొండకు వచ్చిందంటారు. దారి పొడవునా దట్టీలు కడతారు, నోహాలు చదువుతారు, రొమ్ములు బాదుకుంటారు, నెత్తురు కారుతుంది, ఆడవాళ్లు ఇళ్ల ముందు నిలబడి ఏడుస్తారు. మీరు ఇదంతా కళ్లారా చూసి, ఇంటికెళ్లి ‘పాతబస్తీలో పండుగ శోభ’ అని శీర్షిక పెట్టారు. చావింటి ముందు నిలబడి ముగ్గు బాగుందనగలిగే రసదృష్టి అందరికీ రాదు. అడుగున శుభాకాంక్షలు కూడా చెప్పారు. అందాయి.

ఆ వ్యాసంలో సగానికి పైగా ఏనుగే. ఈ మధ్య ఏళ్లలో ఏనుగును పొరుగు రాష్ట్రాల నుంచి తెప్పించుకోవాల్సి వస్తోంది. దానికి అనుమతులు, లేఖలు, ఆఖరి నిమిషం దాకా గుండెదడ. ఆ కాగితాల గోల మీరు ముట్టలేదు. మీ ఏనుగుకు లారీ అక్కర్లేదు, నేరుగా పదిహేడో శతాబ్దం నుంచి నడిచొస్తుంది.

మాకు అన్నిటికన్నా అబ్బురమనిపించింది ఒకటుంది. మీది నల్లగొండ వైపు పల్లె అని మీరే ఒకచోట రాసుకున్నారు. ఆ ఊళ్లో పీర్ల పండుగ జరిగే ఉంటుంది. పీర్లచావిడి ముందు గుండం చుట్టూ డప్పు మోగుతుంటే చిన్నప్పుడు మీరూ ‘అసోయ్ దూలా’ అంటూ అడుగులేసి ఉంటారు. అసన్న ఊసన్నల పాట మీ అమ్మమ్మకు వచ్చి ఉంటుంది. పీరునెత్తుకుని పూనకంతో ఊగినాయన ముస్లిం కూడా అయి ఉండడు, మీ పక్కింటి మామే. మీ ఇంటి ముందు పీరు ఆగితే మీ అమ్మ కాళ్లకు నీళ్లు పోసి, దట్టీ కట్టి, మలీదలు పంచి ఉంటుంది. ఆ హుసేనే ఈ హుసేను. ఆ కర్బలాయే ఈ కర్బలా. అంత తెలిసిన మనిషి మా దగ్గరికొచ్చి పర్షియాలో అడుగుపెట్టినట్టు నివ్వెరపోవాలంటే ఎంత సాధన చేసి ఉండాలి! ఇబ్రహీం కుతుబ్‌షాను మల్కిభరాముడని పిలుచుకుని అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చిన సంగతి మీరు డిగ్రీలో పరీక్షకు చదివే ఉంటారు. గోల్కొండ ఫర్మానాల్లో పారశీకంతో పాటు తెలుగూ ఉండేదని కూడా. అవన్నీ గుర్తుంచుకుని వస్తే మీరు మేనత్త ఇంటికి వచ్చినట్టే ఉండేది. మేనత్త ఇంటి మీద రెండు పేజీల వ్యాసం ఎవరు వేసుకుంటారు? అందుకని ముందుగా మరిచిపోయి, తర్వాత వచ్చారు.

మీ వ్యాసాల్లో తప్పకుండా ఒక వృద్ధుడు కూర్చుని ఉంటాడు. తెల్లటి గడ్డం, పాన్ నమిలిన పెదాలు, సాసరులో ఇరానీ చాయ్. ‘వో దిన్ అలగ్ థే సాబ్’ అని నిట్టూరుస్తాడు. అంతటితో ఆయన పని అయిపోతుంది. ఆయనకు పింఛను కష్టాలు ఉండవు, మోకాళ్ల నొప్పి ఉండదు, జెద్దాలో కొడుకు ఉండడు. ఈ పాత్రకు గిరాకీ పెరగడంతో మేం గల్లీలో వంతులు వేసుకున్నాం. పోయిన రంజాన్‌కు వంతు వచ్చినాయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన ఇంజనీరు. ఎండాకాలంలో మా ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు పేలతాయో, ఎక్కడెక్కడ లోడు ఎంత పెంచాలో కాగితం మీద గీసి మరీ మీకు వివరించాడు. అచ్చులో నిట్టూర్పు ఒక్కటే మిగిలింది. అనవసరమైన మాటలు కత్తిరించడం మంచి సంపాదకుడి లక్షణమని ఆయనకు నచ్చజెప్పాం. అలాగే ‘నల్లటి బురఖా చాటున మెరిసే కళ్లు’ అని మీరు రాసిన అమ్మాయి, ఆ కళ్లు నీట్ కోచింగు పుస్తకాలతో నాలుగు రాత్రులు మేల్కొని మండుతున్నాయని చెప్పమంది. చెప్పాం.

లాడ్ బజార్‌లో గాజుల దగ్గర మీరు ఆడిన బేరం కూడా మీ వ్యాసంలో ‘ఆత్మీయ సంభాషణ’గా కనిపించింది. మీ ఇంట్లో పెళ్లికి కుట్టించిన రవికెల మీది మగ్గం వర్కు మా పాతబస్తీ కార్ఖానాల్లోనే, చట్రానికి బట్ట బిగించి, మెడలు వంచి కుట్టినవాళ్లదే కావచ్చు. అది బంజారాహిల్స్ అద్దాల దుకాణంలో కొన్నారు కనుక అక్కడ ఆత్మీయత చూపించే వీలు లేకపోయింది.

మీ వంశవృక్షం చిన్నదేం కాదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఇక్కడ దరోగా చిట్టాకెక్కిన వెలయాళ్లే ఇరవై వేలకు పైగా ఉన్నారని రాశాడు. అదే మనిషి వజ్రాల విషయానికి వస్తే తూకం, నీరు, వెల అన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసుకున్నాడు. ఏ అంకె కచ్చితంగా ఉండాలో ఏది ఉండనక్కర్లేదో తెలిసినవాడు. ఇంకో పెద్దాయన అసలు ఇక్కడికి రాకుండానే మమ్మల్ని ప్రేమించాడు. సరోజినీ నాయుడు 1879లో ఈ హైదరాబాద్‌లోనే పుట్టారు. చదువుకోడానికి లండన్ వెళ్లి ఇంగ్లిష్ పిట్టల మీద కవితలు రాస్తే, ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు చదివి, ఇవి మాకు ఉన్నవే, మీ దేశపు కొండలూ తోటలూ గుళ్లూ చూపించమన్నాడు. 1912లో వచ్చిన ఆమె పుస్తకానికి ముందుమాట రాస్తూ ఆ సంగతి తనే చెప్పుకున్నాడు. లండన్ వాళ్ల ఆర్డరు మీద మా ఊరి సరుకు పోవడం అలా మొదలైంది. ఇప్పుడు ఆర్డరు జూబ్లీహిల్స్ నుంచి వస్తోంది, అంతే తేడా.

అయితే సరోజినికి ఒక లోపం ఉంది, ఆమె ఈ ఊరి మనిషి. 1905లో అచ్చయిన పుస్తకంలో హైదరాబాద్ సాయంకాలం మీద ఆమె కవిత ఉంది, అందులో నది మెరుస్తుంది. మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, అదే మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆమె వరద బాధితుల కోసం పనిలో దిగారు, కైజర్-ఎ-హింద్ పతకం ఆ సేవకే వచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ ఇబ్బంది తప్పదు. 2020 అక్టోబరు వానలకు చెరువులు తెగి పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు మీ కలం అవతలి ఒడ్డునే పొడిపొడిగా ఉంది. నీళ్లు తీశాక, గోడలు ఆరాక, సరిగ్గా హలీం భట్టీలు వెలిగే వేళకు మళ్లీ ప్రేమతో వచ్చారు.

ఈ సన్మానానికి మరికొన్ని పేర్లు పరిశీలనకు వచ్చాయి. కమిటీ తోసిపుచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ హైదరాబాద్ మీదుగా వెళ్లారు. మజిలీ మజిలీకి నీళ్లు మంచివా కావా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయారు. మైమరచిపోవాల్సిన చోట మంచినీళ్ల బావి వెతికే మనిషి ప్రేమికుడు కాలేడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ మరీ అన్యాయం. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం ఆయన్ని గోండుల దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని, భార్య బెట్టీతో అక్కడే ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల భాషలో బడి పెట్టించి, వాళ్ల భూములకు పట్టాలు ఇప్పించే పనిలో పడ్డాడు. ‘అడవిబిడ్డల అమాయకపు నవ్వు’ అని ఒక్క వాక్యం గిలికి వెళ్లిపోతే ఎంత హాయిగా ఉండేది! ఇప్పుడు భార్యాభర్తలిద్దరి సమాధులూ ఆ మార్లవాయిలోనే ఉన్నాయి. ప్రేమను తహసీలు కాగితాల దాకా ఈడ్చినవాళ్లకు శాలువా కప్పితే మీ బోటివారికి చిన్నతనం. విలియం డాల్రింపుల్ పేరు కూడా వచ్చింది. ఆయన రాసిందంతా మేం ఒప్పుకోం గానీ, 2002లో వచ్చిన ‘వైట్ మొఘల్స్’ కోసం కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకథను పాత ఉత్తరాల్లోంచీ పారశీక గ్రంథాల్లోంచీ ఏళ్ల తరబడి తవ్వితీశాడు. ప్రేమకథకు ఆధారాలు చూపించడం మీ సంప్రదాయానికి విరుద్ధం కాబట్టి ఆయనా అనర్హుడే.

ఈ గడ్డ మీద పాతకాలంలో ఇష్టాన్ని చాలా మోటుగా చెప్పుకునేవారు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న తన రాముణ్ణి పట్టుకుని తిట్టాడు. ఎవరెవరికి ఏ నగ చేయించాడో పేరుపేరునా ఏకరువు పెట్టి, సొమ్ము సంగతి తేల్చమన్నాడు. కృష్ణా తీరాన కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి శతకం పొడవునా దెప్పిపొడుస్తూ కొలిచాడు. మీరు ఆ మోటుతనం వదిలించారు. మమ్మల్ని గానీ మా పాలకులను గానీ ఒక్క మాట అనలేదు, ఒక్క లెక్క అడగలేదు.

మెట్రో సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 నవంబరులో నగరంలో మెట్రో నడిచింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి మూసీ దగ్గరే ఆగింది. అక్కణ్నుంచి ఫలక్‌నుమాకు రావాల్సిన ఐదున్నర కిలోమీటర్లు అలాగే ఉండిపోయాయి. 2024 మార్చిలో వాటికి శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్ మీదుగా దారి అనగానే మీరు ‘గతవైభవం గుండెల్లో కాంక్రీటు స్తంభాలు’ అని రాసి కంటతడి పెట్టారు. ఆ రోజు మీ ఇంటి పక్క స్టేషన్లో ఎక్కి, ఎంజీబీఎస్ దాకా ఏసీలో కూర్చుని వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో మా దగ్గరికొచ్చి మాకు మెట్రో ఎందుకు పనికిరాదో చెప్పిన తీరు మరిచిపోలేం. పాత కట్టడాలకు దెబ్బ తగలకూడదనే మాట నిజమే, మేమూ అదే అంటాం. కానీ రెండు బస్సులు మారి హైటెక్ సిటీలో పొద్దుటి డ్యూటీకి పోయే మా కుర్రాడు వారసత్వ కట్టడాల జాబితాలో లేడు. వాడి కోసం మీరు ఏడవాలని మేం ఆశించడం అత్యాశ.

మీ కలలకు భంగం కలగకూడదని మా వంతు మేమూ పాటుపడుతున్నాం. మీరు ఫొటోగ్రాఫరుతో వస్తున్నారని తెలిస్తే బాల్కనీల్లో ఏసీ డబ్బాల మీద దుప్పట్లు కప్పుతున్నాం. సౌదీ జీతంతో కట్టిన మూడంతస్తుల ఇంటిముందు లారీ నిలబెట్టి, పక్కనున్న పెచ్చులూడిన గోడ మాత్రమే కెమెరాకు అందేలా చూస్తున్నాం. ఆ గోడ యజమాని మరమ్మతుకు డబ్బు పోగుచేసుకున్నాడు పాపం. మీ మొహర్రం వ్యాసం అయ్యేదాకా ఆగమన్నాం.

మీ తదుపరి ప్రేమ అరకు లోయ మీదని విన్నాం. ఆ లోయలోని ఊళ్లకు మేం ముందే కబురు పెట్టాం. సెల్‌ఫోన్లు లోపల దాచుకోమన్నాం. మోటారు సైకిళ్లు గుట్ట వెనక్కి తోసేయమన్నాం. వేళ కాకపోయినా థింసా రెండు అడుగులు వేసి చూపించమన్నాం. నిట్టూర్చడానికి ఒక ముసలాయన్ని ఇప్పటినుంచే తయారుచేసుకోమన్నాం. కాఫీ గింజలకు ఎంత గిట్టుతోందో, నెలలు నిండిన ఆడబిడ్డను డోలీ కట్టి ఎన్ని కొండలు దించాలో వాళ్లు చెప్పబోతే మీ కలానికి అడ్డమని కూడా హెచ్చరించాం. అయినా ఎవరైనా వచ్చి, మీకు ఆసుపత్రి ఎంత దూరం అని అడిగారంటే, వచ్చినాయన మీరు కాదని వాళ్లే గుర్తుపట్టేస్తారు.